తాళం వేయని అండం

మా ఇంట్లో అందరూ కలిసి ఊరికి బయలుదేరితే ఆఖరున గుమ్మం దాటేది నేనే. గ్యాసు కట్టానా, కుళాయి కట్టానా, పెరటి తలుపు గడియ పడిందా అని చూసుకుని, తాళం వేసి, లాగి చూసి, ఆటో ఎక్కి, మళ్లీ దిగి ఇంకోసారి లాగి చూస్తాను. ఒకసారి ఇలాగే వీధి చివరి నుంచి వెనక్కి వెళ్లి వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. మా కోడలు మైథిలి బస్టాండు బల్ల మీద కూర్చుని వేరుశనగకాయలు వొలుచుకుంటూ, "మీవి అచ్చం అండం బుద్ధులు అత్తయ్యా" అంది.

తిట్టిందో పొగిడిందో తెలియలేదు. మైథిలి గేదెల పరిశోధనా కేంద్రంలో శాస్త్రవేత్త. ఆమె పొద్దస్తమానం సూక్ష్మదర్శినిలో చూసేది గేదెల అండాలనే. మేము ఉండేది ఆ కేంద్రం క్వార్టర్స్‌లోనే. ఆమె పుస్తకాలు పక్కన నిఘంటువు పెట్టుకుని నేనూ చదువుతాను. అర్థం కానివి ఆమె కూరలు తరిగేటప్పుడు అడుగుతాను. కత్తిపీట ముందు కూర్చున్న మనిషి లేచి పారిపోలేదు కదా.

"అండానికి బుద్ధులేమిటి?" అన్నాను.

బస్సు ఎటూ లేదు కాబట్టి చెప్పింది. ప్రతి కణంలో పొడవాటి దారం ఉంటుందట. చేయాల్సిన పనులన్నీ ఆ దారం మీదే రాసి ఉంటాయి. దారం చిన్న చిన్న కండెలకు చుట్టి ఉంటుంది. దారమూ కండెలూ కలిపి క్రోమాటిన్ అంటారు. ఆ కండెలను అటూ ఇటూ జరిపే పనివాళ్లున్నారు. చుట్టు వదులు చేసిన చోట రాత చదవొచ్చు, బిగించిన చోట చదవలేం.

"పెరిగే అండం అన్నీ తెరిచి పెట్టుకుని వంట సామాను సర్దుకున్నట్టు సర్దుకుంటుంది. పెరగడం అయిపోయాక, బయలుదేరే ముందు, ఒక్కో గది మూసుకుంటూ వస్తుంది. కండెలన్నీ బిగించి, దారాన్ని ఒకచోటికి చేర్చి, ఇంటికి తాళం వేస్తుంది. అలా మూసుకున్న అండమే బిడ్డ కావడానికి పనికొస్తుంది."

"మూసుకోకపోతే?"

"గడప మీదే నిలబడిపోతుంది. వయసు మళ్లిన పశువుల్లో ఎక్కువగా అదే. ఆ పనివాళ్లు అలిసిపోతారు. తలుపు పడదు, అండం కదలదు."

తాళం పడక గడప మీద నిలబడిపోయిన అండం మీద నాకు చెప్పలేనంత జాలి కలిగింది. అది మా చుట్టమే అనిపించింది.

మైథిలికి అప్పటికి నలభై దాటింది. అంతకు కొన్నేళ్ల ముందు సిటీ ఆస్పత్రిలో ఏడో నెలలో ఒక పాప పుట్టి, ఆ పూటే పోయింది. ఆ తర్వాత మళ్లీ నిలవలేదు. అండాలు పక్వానికి రావడం లేదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. పాప పోయిన నాటి నుంచి మైథిలి ఆ ఆస్పత్రి ఉన్న రోడ్డులో వెళ్లదు. ఆటోవాళ్లకు డబ్బు ఎక్కువిచ్చి చుట్టు తిప్పించుకుంటుంది. డాక్టరమ్మతో మాటలన్నీ ఫోన్లోనే.

కాబట్టి ముసలి గేదెల అండాలను గడప దాటించే మందు మీద మైథిలి పడి పనిచేస్తుంటే, అది గేదెల కోసమేనని కేంద్రంలో అందరూ అనుకున్నారు. నాకు మాత్రం తెలుసు. డాక్టరమ్మ మైథిలికి ఫోన్లో చెప్పేసింది. "ముందు ఒక దూడ పుట్టనివ్వు. ఆరోగ్యంగా ఉందని మీ కేంద్రం రాసిస్తే, మా కమిటీని ఒప్పించి నీ అండాల మీద వేస్తాను." అంటే దూడ నాలుగు కాళ్ల మీద నిలబడితే నాకు మనవరాలు. నేను ఆ దూడకు ఎన్ని మొక్కులు మొక్కానో దేవుడికే లెక్క.

మందు చుక్క తయారైంది. దాన్ని వేయడానికి ఊళ్లోకెల్లా ముసలి గేదె కావాలి. అలాంటిది అంకమ్మ దగ్గరుంది. అంకమ్మ మాకు పాలు పోసే మనిషి. భారీ విగ్రహం, అంతకంటే భారీ గొంతు. ఆ గేదె పేరు నాగరత్నం. అది అంకమ్మ అత్తగారి పేరు.

"పెద్దావిడ పేరు గేదెకు పెట్టావేమిటే?" అంటే, "ఆమెను ఎట్టా కట్టేసేదాన్ని అక్కా? దీన్నయితే రోజూ కట్టెయ్యొచ్చు గదా" అంది.

పేరు ఎందుకు పెట్టినా ఆ గేదె అంటే ఆమెకు ప్రాణం. నాగరత్నం కూడా అంతే. అంకమ్మ చేత్తో తప్ప గుక్కెడు కుడితి తాగదు.

నాగరత్నం నుంచి అండాలు తీశారు. మైథిలి గాజు పళ్లెంలో చుక్క వేసి చూస్తుంటే వెనకాల అంకమ్మ నిలబడి, "ఏందమ్మా, కదలదా? పదమ్మా తల్లీ, పద పద!" అని బర్రెను తోలినట్టు తోలింది. అండం కదిలింది. చుక్క వల్లో తోలడం వల్లో గాని, ఆ మందుకు కేంద్రంలో 'పదమ్మా చుక్క' అనే పేరు స్థిరపడిపోయింది. అండం పిండమై, కేంద్రంలోని ఒక పడుచు గేదె కడుపులో పెరగసాగింది.

ఆ చలికాలమే నాగరత్నం నిద్రలో పోయింది. నేను చూడటానికి వెళ్లలేదు. సాగనంపే చోటికి నేను వెళ్లలేను. మా ఆయన పోయినప్పుడు కూడా అందరూ వీధిలో ఉంటే నేను వంటింట్లో డబ్బాల మూతలు బిగిస్తూ ఉన్నాను. అంకమ్మ కొంతకాలం ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత మొగుడు పోలయ్యను వెంటబెట్టుకుని శ్రీశైలం వెళ్లింది. దూడ పుట్టింది సరిగ్గా అప్పుడే.

పెయ్యదూడ. నల్లగా, నిగనిగలాడుతూ, నొసట సుడితో పుట్టింది. పుట్టీ పుట్టగానే లేచింది. నేను పట్టలేని సంతోషంతో మైథిలి చెయ్యి పట్టుకున్నాను. దూడ మాత్రం తల్లి పొదుగు వైపు కన్నెత్తి చూడలేదు. నెమ్మదిగా నడిచి వెళ్లి కట్టుకొయ్య పక్కన నిలబడి, వెనక కాలు ఒకటి కాస్త ఎడంగా పెట్టి, ఎవరి కోసమో ఎదురు చూడసాగింది.

"ఏం చేస్తోంది అది?" అన్నారు డైరెక్టర్ భుజంగరావుగారు.

"పాలు పిండించుకోవడానికి నిలబడిందండీ" అన్నాను.

"ఇది పుట్టి గంట కాలేదు!"

"ఆ సంగతి దానికి తెలిసినట్టు లేదు."

తల్లి దగ్గరికి నెడితే కొమ్ముల్లేని తలతో పొడిచింది. ముర్రుపాలు పిండి సీసాలో పోసి నోటికి అందిస్తే మొహం తిప్పుకుంది. ఒకరి తర్వాత ఒకరు ప్రయత్నించారు. బలవంతాన గొట్టం వేద్దామని చూస్తే తల విదిలించి గొట్టాన్ని డైరెక్టరుగారి బూటు మీదికి విసిరింది. మధ్యాహ్నానికి దూడ చెవులు వాలిపోయాయి. ఈ పూట ముర్రుపాలు లోపలికి పోకపోతే బతకడం కష్టమని మైథిలి మెల్లగా అంది. ఆ మాటలో ఎన్ని ప్రాణాలున్నాయో నాకు, ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

నేను అంకమ్మకు ఫోన్ చేశాను.

"పెయ్యేనా అక్కా?"

"పెయ్యే. పాలు తాగటం లేదే."

"ఎవురు తాపుతున్నారు?"

"డాక్టర్లు."

"ఫ్యాంటోళ్లా? ఇంకేం తాగుద్ది! నేను ఊరెళ్తే మా ఆయన నా చీర కట్టుకుని పోతేనే గదా నాగరత్నం పాలు చేపేది."

"ఇది నాగరత్నం కాదే. దాని దూడ. నిన్ను చూడనైనా లేదు."

అవతల గుడి మైకు మోగుతోంది. "అవునుగానీ... కట్టుకుని చూడండి, పోయేదేముంది. దండెం మీద నా చీరలుండాయి. ఒక్కటే మాట, మనిషి నా అంత ఉండాల. బక్కోళ్లను నమ్మదు. మా ఆయన లోపల దిండు పెట్టుకుని పోయేవోడు."

దిండు అవసరం లేని మనిషి మా కేంద్రంలో ఒక్కరే ఉన్నారు. అందరం ఆయన వైపు చూశాం.

"నేనా?" అన్నారు భుజంగరావుగారు. "జాతీయ సదస్సుకు అధ్యక్షత వహించిన మనిషినండీ నేను!"

"దూడకు ఆ సంగతి కూడా తెలియదండీ" అన్నాను.

ఆయన దూడను చూశారు, మైథిలి మొహం చూశారు, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. కానీ ఎంతైనా శాస్త్రవేత్త కదా. బయటి గుడ్డ శుభ్రం చేయకుండా దూడల కొట్టంలోకి రాకూడదని పట్టుబట్టి, నేను తెచ్చిన ఎర్రంచు చీరను ఆటోక్లేవులో పెట్టించారు. అది సామాను ఆవిరిలో ఉడికించి క్రిములను చంపే పెద్ద కుక్కరు. చీర అప్పడంలా బయటికి వచ్చింది. ఆయన కట్టుకుని, సీసా పట్టుకుని, గంభీరంగా దూడ ముందు నిలబడ్డారు. దూడ ఆశగా ముందుకు వచ్చి, కుచ్చిళ్లు వాసన చూసి, తుమ్మి, వెనక్కి వెళ్లిపోయింది.

"వాసన ఉడికిపోయింది సార్" అంది మైథిలి. అంత బాధలోనూ ఆమె పెదవులు నవ్వు ఆపుకోలేక అదురుతున్నాయి.

నేను మళ్లీ అంకమ్మ ఇంటికి పరుగెత్తాను. నా మోకాళ్లకు ఆ మాట వాడటం పెద్ద గౌరవం. ఆమె కుడితి కలిపేటప్పుడు కట్టుకునే పాత నేత చీర కొట్టంలో వేలాడుతోంది. తవుడు, పేడ, చెమట, వేపనూనె కలిసి దానికదే నిలబడగలిగేలా ఉంది. భుజంగరావుగారు ముక్కు మూసుకోకుండా దాన్ని చుట్టుకోవడం నేను ఆయనలో చూసిన అతి పెద్ద శాస్త్రీయ దృక్పథం.

"మాట కూడా అనండి సార్. పద పద అనండి" అంది మైథిలి.

"పదమ్మా... పద తల్లీ" అన్నారాయన బొంగురు గొంతుతో.

దూడ చెవులు లేచాయి. నేరుగా వచ్చి సీసా అందుకుంది. గటగటా తాగింది. తాగి, ఆయన మణికట్టు నాకి, పైట చెంగు నోట్లో పెట్టుకుని నిలబడింది. "తాగింది మైథిలీ! మొత్తం తాగింది!" అని ఆయన ఏడ్చేశారు. అంకమ్మ తిరిగి వచ్చేదాకా పూటపూటా ఆ చీర కట్టింది ఆయనే. ఇంకెవరైనా కట్టుకుంటామన్నా ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం మైథిలి పిండి కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది.

"అత్తయ్యా, ఆ దూడ అంకమ్మ పిన్నిని ఎప్పుడు చూసింది?"

"చూడలేదు."

"చూసింది నాగరత్నం. చీర నేర్చుకున్నది నాగరత్నం. మామూలుగా అయితే అండం తలుపులన్నీ మూసుకుని వచ్చేస్తుంది. తల్లి నేర్చుకున్నదీ భయపడ్డదీ అక్కడే ఉండిపోతాయి. దూడ ఖాళీగా పుడుతుంది. నా చుక్క తలుపులు మూయలేదు. మూయకుండానే బయటికి తోసేసింది."

"తాళం వేయకుండానా?" అన్నాను. "గ్యాసు కూడా కట్టలేదా?"

"ఏదీ కట్టలేదు."

భుజంగరావుగారికి మాత్రం ఇది పండగ. "కొట్టం దారి తెలిసిన దూడలు పుడతాయి! దాణా టైము తెలిసిన దూడలు!" అంటూ తిరిగారు. బరువు, రక్తం, గుండె, అన్నీ పరీక్షించారు. అన్నిటా నూటికి నూరు. దూడ సంపూర్ణ ఆరోగ్యంగా ఉందని ఆస్పత్రికి రాసి పంపారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

పెయ్యదూడ పుడితే అంకమ్మకే ఇవ్వాలన్నది ఒప్పందం. ఆమె వచ్చి దాన్ని చూసి, "నాగరత్నం! నా నాగరత్నం తిరిగొచ్చింది!" అని మెడ కౌగిలించుకుంది. దూడ కూడా అలాగే నడుచుకుంది. పొద్దున్నే ముందు నడిస్తే వెనకాల ఇంతింత గేదెలు బుద్ధిగా నడిచేవి. పోలయ్య కనబడితే దిండు ఏదని అడిగినట్టు పొట్ట కేసి చూసేది. తోటి దూడలు గెంతుతుంటే పెద్దముత్తైదువలా ఓ పక్కన కూర్చుని, ఇంకా గడ్డే తినని నోటితో నెమరు వేసేది. ఊళ్లోవాళ్లు చూడటానికి వచ్చి నవ్వుకుని పోయేవారు. నేనూ నవ్వాను. ఆస్పత్రి కమిటీ ఒప్పుకుందని, సోమవారం రమ్మని డాక్టరమ్మ ఫోన్ చేసిన రోజు మరీ నవ్వాను.

ఆ ఆనందంతోనే మైథిలిని తీసుకుని అంకమ్మ ఇంటికి వెళ్లాను. పొద్దు వాలుతోంది. దూడ ఉన్నట్టుండి లేచి, పెరటి మూలన మునగచెట్టు కిందికి వెళ్లింది. నేలను వాసన చూసింది. ముట్టెతో మట్టిని మెల్లగా కదిపింది. తర్వాత అరిచింది. అది పాలకోసం తల్లిని పిలిచే అరుపు కాదు. నేను గేదెల మధ్య పెరిగిన మనిషిని. అది తల్లి దూడను పిలిచే అరుపు. అది గుప్పెడంత దూడ గొంతులోంచి వస్తోంది.

"రోజూ ఇంతే అక్కా" అంది అంకమ్మ. ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో. "నాగరత్నం మొదటి ఈత దూడను అక్కడే పూడ్చాం. పుట్టి రెండు పూటలు బతకలా. ఏడాది పొడుగునా ఆ మూలకు పోయి అరిచేది. ఇదీ పోతంది. దీనికేం తెలుసక్కా? ఇది ఇంకా ఎద కూడా కాలా. దేనికోసం ఏడుస్తందో దానికే తెలవదు."

మైథిలి దారంతా నాకంటే నాలుగు అడుగులు ముందే నడిచింది.

ఇంటికి వచ్చాక నేనే మాట ఎత్తాను. ఆస్పత్రికి వెళ్లనంటుందేమోనని భయం వేసి ఎత్తాను. "సోమవారం వెళ్లు. ఆ మునగచెట్టు సంగతి ఎవరికీ చెప్పొద్దు. ముందు పిల్ల పుట్టనీ. ఏడిస్తే ఎత్తుకుని ఆడించడానికి నేను లేనా?"

"మీకు మనవరాలు కావాలి."

"కావాలి" అన్నాను. అబద్ధమెందుకు? "నేను పోయేలోగా కావాలి. మీ అమ్మ కడుపులో నువ్వు ఉన్నప్పుడే నీ అండాలన్నీ నీలో తయారైపోయాయని నువ్వే కదా చెప్పావు. అంటే ఆ పిల్ల అప్పటి నుంచీ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇంకెన్నాళ్లు నిలబెడతావు?"

"ఆ ఆస్పత్రి రోడ్డు వైపు ఆటో తిరిగితే నాకు ఊపిరాడదు అత్తయ్యా. రేపు ఆ పిల్లకూ ఆడదు. ఎందుకో తెలియదు. సాయంత్రం అయ్యేసరికి లేచి ఇల్లంతా వెతుకుతుంది. ఎవర్ని వెతుకుతోందో తెలియదు. పుట్టిన పిల్ల మొదట నా ఏడుపు ఏడవాలా? దానిది ఎప్పుడేడుస్తుంది, తర్వాతా?"

నేను దాచుకున్నవన్నీ, వంటింట్లో డబ్బాల మూతలతో సహా, మైథిలి మొగుడైన మా అబ్బాయికి పుట్టుకతోనే వచ్చి ఉంటే ఏమయ్యేవాడో అనిపించింది. వాడు ఇవేమీ లేకుండా, మా ఇంట్లో ఎవరికీ లేనంత హాయిగా, గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. తలుపులు మూసి ఆ హాయిని ఇచ్చింది నేనేనని అప్పటిదాకా నాకు తెలియదు.

మైథిలి నా ముందే డాక్టరమ్మకు ఫోన్ చేసి మునగచెట్టుతో సహా చెప్పింది. తలుపులు మూసే రెండో చుక్క తయారయ్యేదాకా ఎవరి మీదా వేయొద్దని చెప్పింది. అది ఎప్పటికి తయారవుతుందని ఆవిడ అడిగినట్టుంది. "నా వరకు సమయం దాటిపోతుంది మేడమ్" అని ఫోన్ పెట్టేసింది. మా అబ్బాయి ఇదంతా విని, ఇంట్లో ఉన్న వెల్లుల్లి మొత్తం వొలిచేశాడు. వారం రోజులు అన్ని కూరల్లోనూ వెల్లుల్లే. భుజంగరావుగారు రెండు రోజులు అరిచి, మూడో రోజు అంకమ్మ ఇంటికి వెళ్లి మునగచెట్టు కింద దూడ పక్కన చాలాసేపు కూర్చుని వచ్చి, పదమ్మా చుక్క సీసాకు తానే సీలు వేశారు.

తొలకరి తర్వాత కాలవకు నీళ్లు వదిలారు. అంకమ్మ మంద తోలుకుని వెళ్తుంటే మైథిలీ నేనూ వెంట నడిచాం. తోటి దూడలన్నీ నీళ్లలో పడి కొట్టుకుంటున్నాయి. మన పెద్దముత్తైదువ గట్టు మీద నిలబడి వాటిని ఈసడింపుగా చూస్తోంది. ఇంతలో దాని కాళ్ల దగ్గరి గడ్డిలోంచి ఒక కప్ప ఎగిరి నీళ్లలో పడింది. దూడ అదిరిపడింది. కప్ప పడిన చోటును చూసింది. అటూ ఇటూ చూసింది. తోక నిలువుగా లేచింది. నాలుగు కాళ్లూ గాల్లోకి లేచాయి. దభీమని కాలవలో పడింది. ఆ బురద మా ముగ్గురి మొహాల మీదా పడింది.

"ఒసేయ్!" అని అంకమ్మ గొంతు కాలవ అవతలి గట్టు దాకా వినబడింది. "ఏం పోయేకాలమే నీకు! మీ అమ్మ ఎప్పుడన్నా ఇట్టా దూకిందటే! మర్యాదగా అడుగేసి దిగేది మీ అమ్మ! రాయే పైకి!"

అంటూనే ఆగిపోయింది. మీ అమ్మ. ఇన్నాళ్లూ ఆ మాట ఆమె నోట రాలేదు. బురద మొహంతో అలాగే నిలబడి దూడను చూసింది. కళ్లు తుడుచుకుందో, బురద తుడుచుకుందో.

"నాగరత్నం పోయింది గదక్కా" అంది.

"పోయిందే" అన్నాను. ఈసారి నేను అక్కడే నిలబడ్డాను.

దూడ నీళ్లలో గిరగిరా తిరుగుతూ కప్పను వెతుకుతోంది. మైథిలి నవ్వుతోంది. ఏడో నెల తర్వాత ఆమె అలా పడీ పడీ నవ్వడం నేను చూడలేదు. నవ్వి నవ్వి గట్టు మీద కూలబడింది.

"నువ్వే చేస్తివి, నువ్వే చెప్పమ్మా" అంది అంకమ్మ ఆమెతో. "దీనికో పేరు చూడు. దీని సొంతానికి."

"పేరుకేం తొందర పిన్నీ" అంది మైథిలి. "ముందు దాన్ని దూకనీ."

దూడ గట్టెక్కింది. ఒళ్లు విదిలించుకుని, మళ్లీ దూకడానికి వెనక్కి నడిచింది.